పాతికేళ్ళ గులాబీ

"పదిలం మ్మే తస్లీమ్. పాతికేండ్లుగా బైబిల్లో దాచుకున్న పువ్వు. పెండ్లినాడు మా ఆయన దండలోంచి తుంచి నా చేతికిచ్చింది," అంది ఆళ్లగడ్డ కృపావతి, కాగితం మడత విప్పుతూ.

ఎండిన గులాబీ. ఇన్నేళ్ళయినా ఎరుపు పోలేదు. వీళ్ళది మామూలు కాపురం కాదని తస్లీమ్ ముచ్చటపడింది. ఆదివారం వాళ్ళ పెళ్ళిరోజు కృతజ్ఞతా కూటం. ఆలోగా పువ్వును అద్దం ఫ్రేములో బిగించివ్వాలి.

నంద్యాలలో తస్లీమ్ దుకాణం బోర్డు మీద ‘మీ జ్ఞాపకాలు మా చేతుల్లో భద్రం’ అని బంగారు రంగు అక్షరాలుంటాయి. ఆ భద్రమైన చేతులు, కరెంటు లేదు కదా గాలి తగలదన్న ధీమాతో, పట్టకారుతో పువ్వును పైకెత్తాయి. స్విచ్చి ఆపడం మాత్రం మరిచిపోయాయి. కరెంటొచ్చింది. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది. పాతికేళ్ళ జ్ఞాపకం పొడిపొడై సగం గోడకు అంటుకుంది, సగం ఆమె ముక్కులోకి పోయింది.

తస్లీమ్‌కు ఏడుపొచ్చింది. నిజం చెబితే దుకాణం మూసుకోవాల్సిందే. కృపావతి చర్చిలో సగం మంది పెళ్ళిపూలు తన దగ్గరే ఉన్నాయి.

అందుకని నిజాన్ని పక్కనబెట్టి, బజారుకెళ్ళి ఒక గులాబీ కొనుక్కొచ్చింది. కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీపెట్టెతో అదిమింది. టీ డికాషను చిలకరించి వయసు పెంచింది. సాయంత్రానికల్లా గులాబీకి పాతికేళ్ళు నిండాయి.

ఆదివారం వాళ్ళింట్లో జరిగిన కూటంలో కృపావతి భర్త సంజీవయ్య ఫ్రేము చూసి కళ్ళు తుడుచుకున్నాడు. మైకు అందుకున్నాడు.

"ఇదే పువ్వు. ఈ రెక్క చివర మడత సూడండి. ఆ పొద్దు నా వేలు తగిలి పడింది. నాకింకా బాగా గుర్తుండాది."

ఇస్త్రీపెట్టె అంచు తగిలి పడిన మడత అది. అందరూ చప్పట్లు కొట్టారు. తస్లీమ్ అందరికంటే గట్టిగా కొట్టింది.

భోజనాల దగ్గర కృపావతి ఆమెను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసింది.

"ఇది నేనిచ్చిన పువ్వు కాదు."

తస్లీమ్ నసిగింది. "అక్కా, అదీ... ఫ్యాను..."

"మెల్లగా. ఆయనకు ఇనపడ్తాది," కృపావతి గొంతు తగ్గించింది. "అసలుది పెండ్లయిన నెలకే కొట్లాడి పొయ్యిలో ఏసినా. నీకిచ్చింది పోయిన వారం బస్టాండు కాడ కొని నేను ఇస్త్రీ చేసిందే. అది నీదాని మాదిరి పాతగా రాల్యా మ్మే."