దీవి శంఖం

"ఎర్ర సంచి సార్. దీవిలకెల్లి శంఖం తెస్తున్నది. పర్మిషన్ గిట్ల ఏం లేదు. జర చూడుండ్రి" అని అటవీశాఖ వాళ్లకు గుసగుసగా చెప్పి సరిత ఫోన్ పెట్టేసింది. శంషాబాద్ విమానాశ్రయం బయట అంత జనంలో ఆమెను పట్టించుకున్నవాళ్లు లేరు.

అత్త రేణుకమ్మకు అసలే తీరిక లేదు. చంకలో పూలదండ ఇరికించుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా ఫోన్‌లో ఫోటోలు చూపిస్తోంది.

"మా చిన్న కోడలు శ్రీలత. టీచరు. నడి సముద్రంల దీవికి వోయింది. గీ పీత సూడుండ్రి, కొబ్బరిచెట్టు ఎక్కుతది! గీ తాబేలు ఇసుకల గుడ్లు పెడ్తది. దీవిల ఆడోళ్లు మా శ్రీలతకు ఆకులతోని టోపీ అల్లి పెట్టిన్రు. దేవునింట్ల పెట్టుకొమ్మని శంఖం గూడ ఇచ్చిన్రు, గీ ఎర్ర సంచిల తెస్తున్నది!"

సరితకు కడుపు మండిపోయింది. వారం రోజులుగా మామిడిపల్లి ఇంట్లో పీతలూ తాబేళ్ల ముచ్చటే. పొద్దున్నే లేచి పూజ చేసే పెద్ద కోడలిని పలకరించే దిక్కు లేదు. ఇక ఆ శంఖం కూడా దేవుడింట్లోకి వస్తే, పూజ తనది, పేరు చిన్న కోడలిది! రానివ్వదు. గడప దాకా రానివ్వదు.

ఎండకు నల్లబడిన మొహంతో, నవ్వుతూ శ్రీలత బయటికి వచ్చింది. రేణుకమ్మ దండ వేసి వెనక్కి తిరిగింది.

"సరితా, నిలబడి సూస్తవేంది? ఊరికెల్లి వచ్చినామె చేతిల సంచి అందుకోవద్దా?"

ఊరి నుంచి వచ్చిన మనిషి చేతిలో బరువు ఉంచితే ఆ ఇంటికే తలవంపులు. నలుగురిలో కాదనలేక సరిత ఎర్ర సంచి భుజాన వేసుకుంది. అంతలోనే ఖాకీ దుస్తుల అటవీశాఖ అధికారి ఎదురొచ్చాడు.

"ఈ సంచి ఎవరిదమ్మా?"

సరిత చటుక్కున సంచి కింద పెట్టింది. "నాది కాదు సార్! మా చెల్లెది. గామెనే అడుగుండ్రి!"

శ్రీలత పకపకా నవ్వి, సరిత భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఇంటికి వోయినంక చెప్దామనుకున్న, ఇగ దాచుడెందుకు? సంచి మా అక్కదే సార్. పూజ చేసేది ఆమెనే గద, అందుకే దీవోళ్లను బతిమాలి శంఖం అడిగి తెచ్చిన!"