టెస్ట్ పాసైన ఫైలు

రంజిత ఒక సెమీకోలన్ పెట్టడం మరిచిపోయింది.

అంతే, చెన్నై టి. నగర్‌లోని తను పనిచేసే పట్టుచీరల కొట్టు వెబ్‌సైట్ ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలు మొదలైన రోజే పడిపోయింది.

ఎప్పటిలాగే సైట్ ఎలా నడవాలో రాసి ఉండే సర్వర్ కాన్ఫిగ్ ఫైలును నేరుగా తెరిచి, మార్చేసి, రీస్టార్ట్ కొట్టింది. తిరిగి పెట్టుకుందామంటే పాత కాపీ లేదు.

కొత్తగా చేరిన మంగళ వచ్చి పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి. సర్వర్ల బాధ్యతంతా ఆమెదే. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఫైలంతా వరసగా చదువుకుంటూ పోయి తప్పు పట్టుకుంది. సైట్ లేచేసరికి మధ్యాహ్నం దాటింది.

"మార్చేముందు కాపీ తీసుకోలేదా?"

"చిన్న మార్పే కదక్కా అనుకున్నా."

మంగళ లేచి నేరుగా యజమాని ధర్మలింగం గదిలోకి వెళ్ళింది.

అద్దాల తలుపు వెనక మాటలు వినబడలేదు. ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టడం మాత్రం కనబడింది.

నా మీద చాడీలు చెబుతోంది, అనుకుంది రంజిత. కడుపు మండిపోయింది.

బయటికొచ్చి మంగళ చెప్పిన మాటలు ఆ మంటను ఇంకా ఎగదోశాయి.

"ఇంక ఆ ఫైలు నువ్వు ఒంటిగా ముట్టుకోవద్దమ్మా. ముందు కాపీ తియ్యాల. తర్వాత మార్చాల. మార్చినాక టెస్ట్ చెయ్యాల. పాసైతేనే రీలోడ్ కొట్టి సైట్‌లోకి తేవాల. నా పక్కన కూచోని నేర్చుకో."

ఆ సాయంత్రానికల్లా రంజిత లాగిన్‌కు ఆ ఫైలు మార్చే హక్కు పోయింది.

ధర్మలింగం ఆమెను పిలవనూ లేదు, తిట్టనూ లేదు. తిట్టడానికి కూడా పనికిరాకుండా పోయానా అని ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇంటికెళ్ళి అమ్మ దగ్గర అక్కసు వెళ్ళగక్కింది.

"ఇన్నేళ్ళుగా ఆడ అన్నీ నేనే చేసినా. ఆమె నిన్న వచ్చింది. నా మీద పితూరీ చెప్పి నన్ను పలక పట్టిన పిల్లలాగా పక్కన కూచోబెట్టింది."

"పోనీలేవే. పెద్దామె."

"పోనియ్యను."

అన్నట్టే పోనివ్వలేదు. రోజూ మంగళ పక్కన బుద్ధిగా కూర్చుంది. అక్కా అక్కా అంటూ అడిగి మరీ నేర్చుకుంది. నేర్చుకున్నదంతా లొసుగు వెతకడానికే.

చివరికి దొరికింది.

కంప్యూటర్ చేసే ఆ టెస్టు, ఫైలు రాసిన తీరు సరిగ్గా ఉందా అనే చూస్తుంది. రాసినదాంట్లో అర్థముందా అని చూడదు. చీరల పేజీలున్న ఫోల్డర్ పేరు తీసేసి ఇంకో ఫోల్డర్ పేరు రాసినా నోరెత్తకుండా పాస్ చేసేస్తుంది.

ఇక అదను కోసం కాచుకుంది.

దీపావళి చీరలు సైట్‌లో పెట్టే రోజు రానే వచ్చింది. ధర్మలింగం కాంచీపురం నుంచి మగ్గాల పెద్దలను పిలిపించాడు. కింది అంతస్తులో పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, సైట్ తెరవడమే తరువాయిగా ఉన్నాడు.

పైన మంగళ కాపీ తీసింది. ఫైలు మార్చింది. టెస్టుకు ముందు టిఫిన్ డబ్బా పట్టుకుని లేచింది.

"పొద్దున్నించి ఏమీ తినలేదు. రెండు ముద్దలు తినేసి వస్తా, చూసుకుంటా ఉండు."

నమ్మకం కాబోలు, తన లాగిన్‌తో ఉన్న తెర అలాగే తెరిచి పెట్టి వెళ్ళింది.

రంజిత ఫోల్డర్ పేరు చెరిపేసి, ఎప్పుడో ప్రయోగానికి పెట్టుకున్న ఇంకో ఫోల్డర్ పేరు రాసింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పేజీ. సేవ్ చేసి తన కుర్చీలోకి జరిగిపోయింది.

మంగళ చేతులు తుడుచుకుంటూ వచ్చి టెస్ట్ కొట్టింది. పాసైంది.

"సెరి" అని తన చేత్తో తనే రీలోడ్ చేసింది.

కింద నుంచి ధర్మలింగం కేక వినబడింది.

పెద్ద టీవీలో, కాంచీపురం పెద్దమనుషులందరి ముందు, తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు: కొట్టు మూసివేయబడినది.

మంగళ కంగారుపడలేదు. కాపీని, ఫైలును పక్కపక్కన పెట్టి తేడా చూసింది. తను ముట్టుకోని వరస ఒకటి మారి ఉంది. మెల్లగా తల తిప్పి రంజిత వైపు చూసింది.

రంజిత కళ్ళు దించలేదు. తెలియనీ, తెలియాలనే కదా ఇదంతా అనుకుంది.

మంగళ ఆ వరస సరిచేసింది. సైట్ వెంటనే లేచింది. పోయిన పరువు మాత్రం అంత తొందరగా లేచేది కాదు.

ధర్మలింగం రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఎవరి పని ఇది?"

"నేనే సార్ రీలోడ్ చేసింది" అంది మంగళ.

"చాలమ్మా, ఇంక చాలు. రేపటినుంచి రావద్దు."

మంగళ డబ్బా సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ రంజిత దగ్గర ఆగింది.

"టెస్ట్ పాసైనా, రీలోడ్ కాగానే సైట్ తెరిచి నీ కంటితో చూసుకోమ్మా. అది నీకు చెప్పలేదు నేను."

ఆమె మెట్లు దిగిపోతుంటే రంజితకు ప్రాణం లేచొచ్చింది. తగిన శాస్తి జరిగింది.

"సార్, ఇకమీదట ఆ ఫైలు నేనే చూసుకుంటాను."

"నువ్వే చూసుకోమ్మా. ఇన్నేళ్ళుగా నీ చేతిలో ఒక్క తప్పు జరగలేదు." ధర్మలింగం కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. "పాపం, పెద్దామె. ఒక తూరి మన్నించినా, రెండో తూరి కూడా అంటే ఎట్లా?"

రంజితకు అర్థం కాలేదు. "ఒక తూరి ఏమిటి సార్?"

"ఆడి అమ్మకాలప్పుడు సైట్ పడిపోయె చూడు, 'ఆ సెమీకోలన్ మరిచిపోయింది నేనే సార్' అని ఆమే కదా నా రూముకొచ్చి ఒప్పుకునింది."