మూడో దెబ్బ

ఫోగు దీవిలో అగ్నిపర్వతం లోయలో కొత్తగా లేచిన సందర్శకుల కేంద్రానికి సిమెంటు చుక్క వాడలేదు. గోడలన్నీ కొండ కక్కిన నల్లరాయే. కప్పు మీద పడిన ప్రతి వాన చుక్కా తొట్టిలోకే చేరుతుంది. కట్టిన మేస్త్రీ అల్సిందు. తెల్లారితే ప్రారంభం.

భార్య జుల్మీరా లాంతరు పట్టుకుని వచ్చింది. "ఇంకా గోడనే చూస్తున్నావా? పెళ్లినాడు నన్ను కూడా ఇంతసేపు చూళ్లేదు!"

"నిన్ను నేను కట్టలేదుగా!"

నవ్వుతూ సుత్తితో గోడ పైవరసలో రాయి తట్టాడు.

నేలకింద నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

కింద ఉన్నది గడ్డకట్టిన లావా. దాని అడుగున, పదేళ్ల నాడు పూడిపోయిన అతని తండ్రి ఇల్లు. తండ్రి అంతకు ముందే పోయాడు. ఆయనా మేస్త్రీయే. ఎవరు పెట్టిన రాయైనా బాగుంటే సుత్తితో రెండు కొట్టేవాడు, తీసెయ్యాలంటే మూడు.

"ఎవరయ్యా అది?" జుల్మీరా లాంతరు నేలకేసి వంచింది.

అల్సిందు రాయి వైపు తిరిగాడు. తను తట్టిన రాయికి లోపల పగులుంది. తొందరలో పెట్టేశాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దాన్ని ఊడబెరికాడు. ఇంకోటి ఏరి, చెక్కి, కూర్చాడు. సుత్తితో తట్టాడు. రాయి గంటలా మోగింది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పాదాల కింద ఒకటి. మరొకటి.

అల్సిందు ఛాతీ ఉప్పొంగింది. బతికుండగా తండ్రి అతని పనికి ఏనాడూ రెండుతో ఆగలేదు.

"ఇంటికి పోదాం రా," అంది జుల్మీరా, చెయ్యి లాగుతూ.

"ఉండు," అన్నాడు అల్సిందు. చెవులు రిక్కించి, మూడోది రాకూడదని కోరుకుంటూ అక్కడే నిలబడ్డాడు.