ఏ రాబర్ట్?

"ఇలా ఇవ్వత్తా. అది నాకొచ్చింది," అంటూ ఫీబీ టెలిగ్రాం మీదకు చెయ్యి చాపింది.

ఫీబీకి వరసకి మాత్రమే అత్త అయిన హానా కాగితాన్ని గుండెలకు అదుముకుంది. "నీకని ఎవరు చెప్పారే? పైన శ్రీమతి ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఉంది. నేను కానా?"

నిజమే, హానా కూడా శ్రీమతి ఆర్మ్‌స్ట్రాంగే. పక్కనే బోర్లించిన ఆల్చిప్పల బుట్ట మీద కూలబడ్డ థామజిన్ కూడా శ్రీమతి ఆర్మ్‌స్ట్రాంగే. మా రేవువీధిలో రాయి విసిరితే తగిలేది ఆర్మ్‌స్ట్రాంగ్‌కి, విసిరినవాడూ ఆర్మ్‌స్ట్రాంగే అయ్యుంటాడు.

టెలిగ్రాంలో ఉన్నది ఒక్క ముక్క. "రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ క్షేమం. హల్ రేవులో ఉన్నాడు."

మూడు రోజుల కిందట చేపలకు వెళ్ళిన పడవ ఆ వేకువన బోర్లా తేలి వచ్చి రాళ్ళకు కొట్టుకుంది. అందులో వెళ్ళింది ముగ్గురు. ముగ్గురి పేరూ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగే. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం నార్తంబర్లాండ్ తీరంలో ఆచారం. తాత ఒక్కడే అయినప్పుడు మనవలందరూ రాబర్టులు కాక ఇంకేమవుతారు? అందుకే ఊరు తన పేర్లు తను పెట్టుకుంది. ఫీబీ మొగుడు పొడుగు రాబర్ట్. హానా కొడుకు ప్రార్థనల రాబర్ట్. థామజిన్ భర్త, పడవ నడిపేవాడు, పొగాకు రాబర్ట్. టెలిగ్రాం పంపినవాడికి ఇవేవీ తెలియవు. పొడుగనీ రాయలేదు, పొగాకనీ రాయలేదు.

"ముగ్గురు వెళ్తే ఒక్కడు మిగిలాడన్నమాట," అంది థామజిన్.

"ఆ ఒక్కడూ మా ఆయనే. ఆయనకి ఈతొచ్చు." ఫీబీ నిలవలేక వాకిట్లో అటూ ఇటూ తిరుగుతోంది.

"ఆ చలినీళ్ళల్లో ఈత పావుగంట కూడా సాగదు. మావాడికి దేవుడు తోడున్నాడు. ఆదివారం గాలం ముట్టుకోని పిల్లాడు వాడు."

"అత్తా, నీ కొడుక్కి ప్రార్థన తప్ప ఇంకేమొచ్చు? తెడ్డు పట్టుకోవడం కూడా మా ఆయనే నేర్పాడు."

"ఉక్కుచెయ్యి వంశమే మాది," హానా గొంతు పెంచింది. "యుద్ధంలో గుర్రం చచ్చి కిందపడ్డ రాజుని మా మూలపురుషుడు ఒంటిచేత్తో ఎత్తి తన గుర్రం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే బలమైన చెయ్యి అని ఆ రాజిచ్చిన ఇంటిపేరు ఇది. ఆ రక్తం అంత తేలిగ్గా మునగదు."

"ఆ చెయ్యే సరిహద్దు దాటెళ్ళి పక్కవాళ్ళ ఆవుల్ని తోలుకొచ్చింది. అది చెప్పవేం?" అంది ఫీబీ. "ఆ రక్తం ఈ ఊళ్ళో కోళ్ళకి తప్ప అందరికీ ఉంది."

థామజిన్ లేచి హానా చేతిలోంచి కాగితం తీసుకుంది. "ఎందుకు కొట్టుకుంటారు? మా ముసలాయన కాదులే. పడవ నడిపేవాడు అందరికన్నా ఆఖర్న దిగుతాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను, ఆ మొండితనం నాకు తెలీదా?"

అంది గానీ కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతోంది.

హానా ఫీబీ వైపు తిరిగింది. "నీకు ఇరవై రెండేళ్ళు. ఏడాది తిరక్కుండా ఇంకో ఆర్మ్‌స్ట్రాంగ్ దొరుకుతాడు. ఇంటిపేరు కూడా మార్చుకోనక్కర్లేదు. నాకు ఇంకో కొడుకు పుడతాడా?"

"అందుకని నా మొగుణ్ణి చంపేస్తావా?"

"చంపేది నేనా? సముద్రం."

"అయితే విను. మీ ఇద్దరి వాళ్ళూ పోయినా సరే. మా ఆయన ఒక్కడు బతికుంటే నాకు చాలు."

అనేశాక ఫీబీకే ఒళ్ళు గగుర్పొడిచింది. హానా ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది. థామజిన్ అడ్డు వెళ్ళలేదు. ఫీబీ పైకి అన్నమాటే తనూ లోపల పొద్దున్నుంచీ అనుకుంటోంది, ఎవరి ముఖం చూసి ఎవరిని తప్పుపడుతుంది?

"ఇలా అయితే సాయంత్రానికి మనలో మనమే చస్తాం," అంది థామజిన్ చివరికి. "పోస్టాఫీసుకి పదండి. ఏ రాబర్టో అక్కడివాళ్ళనే అడుగుదాం."

ముగ్గురూ గాలికి ఎదురుగా వీధి ఎక్కారు. ఒకరు రెండడుగులు ముందు పడితే మిగతా ఇద్దరూ పరుగందుకున్నారు, ముందు చేరినవాళ్ళకే మనిషి దక్కుతాడన్నట్టు. హానా దారంతా ప్రార్థన చేస్తూనే ఉంది. ఎవరి కోసమని ఫీబీ అడగలేదు.

పోస్టుమాస్టరు పిల్‌బీమ్ పోయిన వారమే దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చాడు. ఊరు మొత్తానికి పిల్‌బీమ్ ఆయనొక్కడే. ఆయన ఉత్తరం ఇంకొకరింటికి వెళ్ళిన పాపాన పోలేదు.

"హల్‌కి టెలిగ్రాం కొట్టండి బాబూ. బతికింది ఏ రాబర్టో అడగండి," అంది థామజిన్.

"ఏ రాబర్టంటే?"

"పొడుగా, పొగాకా, ప్రార్థనలా అని. మా పడవలో వెళ్ళిన ముగ్గురిదీ ఒకటే పేరు. మాకు వచ్చింది ఒక్క టెలిగ్రాం."

ఫీబీ బల్ల అంచు పట్టుకుంది. హానా కళ్ళు మూసుకుంది.

పిల్‌బీమ్ విసుగ్గా కలం కింద పెట్టాడు.

"ఆ హల్ వాళ్ళని అడిగి లాభం లేదమ్మా, అక్కడి గుమస్తాకి మతి సరిగ్గా లేదు. పొద్దున అక్షరం పొల్లుపోకుండా ఇదే వార్త మూడుసార్లు పంపాడు. ఒకటి చాలు కదా అని మీకిచ్చి, మిగతా రెండూ నేనే చించి పొయ్యిలో పడేశాను."