దుమ్ములో ఊపిన జెండా

మా పెన్సిల్వేనియా ఊళ్ళో రేసుల మైదానం మూతపడి నలభై ఏళ్ళయింది. ఇప్పుడక్కడ మొక్కజొన్న చేను. అయినా ఒకప్పుడు రెండు తలుపుల పాత కూపే కార్లతో పోటీపడిన డెల్మార్, వెండెల్, ఆ పోటీల్లో జెండా ఊపిన నేను ఏటా ఆగస్టులో ఆ చేను గట్టున కలుస్తాం. పన్నెండేళ్ళుగా వాళ్ళిద్దరిదీ ఒకటే తగవు.

"పంతొమ్మిది వందల యాభై ఎనిమిది ఫైనల్లో ముందు గీత దాటింది నా కారేరా!" అన్నాడు డెల్మార్.

"నీ కారు కాదు, ఊడిపోయిన నీ బంపరు!" అన్నాడు వెండెల్. "ఒరేయ్, జెండా ఊపినవాడివి, నువ్వు చెప్పు!"

ఆ రోజు డెల్మార్ గెలిచాడని ప్రకటించింది నేనే. ఎనభై నాలుగేళ్ళొచ్చాక ఇక దాచబుద్ధి కాలేదు.

"నేనసలు చూడలేదురా. కళ్ళలో దుమ్ము పడింది. తెరిచేసరికి ఇద్దరూ దాటేశారు. నోటికొచ్చిన పేరు చెప్పేశాను. వెండెల్, నన్ను క్షమించరా."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"నువ్వు కళ్ళు మూసుకుని జెండా ఊపడం అప్పుడే చూశాంలే," అన్నాడు వెండెల్.

"మరి ఇన్నేళ్ళూ ఈ గొడవేంట్రా?"

డెల్మార్ నా భుజం మీద చెయ్యేశాడు.

"పన్నెండేళ్ళ కిందట మీ ఆవిడ పోయాక ఎంత పిలిచినా నువ్వు గడప దాటలేదు. తగవు తీర్చాలనేసరికి పరిగెత్తుకొచ్చావు కదరా!"