ఇంజను వేడెక్కాలి

"ఆగకండి. ఇప్పుడాగితే ఇంజను మళ్ళీ సల్లబడిపోతాది," అంది కమల. ఆమె శాలువా కప్పుకొని స్టీరింగు ముందు హాయిగా కూర్చుంది.

వెనకనుంచి కారు తోస్తున్న ఆమె మొగుడు జగన్నాథరావుకి ఆగాలనే ఉంది. పూండి దగ్గర పదెకరాల జీడితోట ఉన్న ఆసామీ, పంచె ఎగ్గట్టి, పొద్దున్నే మంచులో సొంత కారుని తోసుకుంటూ పోవడం ఏం ముచ్చట? కానీ ఏడింటికల్లా స్టేషను దగ్గర హోటల్లో నలుగురితో కూర్చుని టీ తాగకపోతే ఆయనకి తెల్లారినట్టే ఉండదు. ఆ హోటలు ఇంటికి కిలోమీటరున్నర. నడిచి వెళ్ళే మాట మాత్రం ఆయన దగ్గర ఎత్తకూడదు.

నడక గొడవ కార్తీకమాసంలో మొదలైంది. పలాసలో డాక్టరు శ్రావణి రక్తం రిపోర్టు చూసి కళ్ళజోడు తీసేసింది.

"షుగరు రెండొందల అరవై. ఉద్దానం మనుషులు, కిడ్నీల సంగతి మీకు నేను చెప్పాలా? దానికి ఇది కూడా తోడైతే కష్టం. రోజూ నడవండి. మూడు నెలల్లో దిగకపోతే ఇన్సులిన్ సూదులే."

సూదంటే జగన్నాథరావుకి చచ్చేంత భయం. చిన్నప్పుడు టీకాలవాళ్ళొస్తే బడి గోడ దూకి పారిపోయిన ఘనుడు. అయినా సరే, నడవనంటే నడవనన్నాడు.

"పనీపాటా నేనోడు నడుత్తాడు. నాకు కారుంది. సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"మన వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి తిరగతన్నారు. నాకు బయ్యంగా ఉందండి. దండం పెడతాను, నడవండి," అని కమల కళ్ళు తుడుచుకుంది. ఆయన కరగలేదు. దానికి బదులు మెంతులు తింటానన్నాడు.

కమల మెంతుల డబ్బా వంటింటి పై అరలో పెట్టి, రోజూ ఓ చెంచాడు నానబెట్టి ఇచ్చేది. ఓసారి ఆయనే తీసుకోబోతే కసిరింది. "ఆ డబ్బా ముట్టుకోకండి. తడి సెయ్యి తగిల్తే పురుగు పడతాది."

సరిగ్గా ఆ వారమే కారు మొరాయించింది. పొద్దున్న కీ తిప్పితే ఉలకదు, పలకదు. ఎండెక్కాక తిప్పితే బుద్ధిగా స్టార్టవుతుంది. కమల తమ్ముడు ఈశ్వర్‌కి పలాసలో మెకానిక్ షెడ్డు ఉంది. అతనొచ్చి, బానెట్ ఎత్తి, కారు కిందకి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సలి బావా. పాత ఇంజను కదా, బిగుసుకుపోతంది. పొద్దున్నపూట కొంత దూరం తోసుకెళ్ళు. మెల్లగా వేడెక్కుతాది."

"తోత్తే వేడెక్కడమేటిరా?"

"జీడిపిక్కకి ఆవిరి పట్టకుండా కత్తికి పెడతావేటి? పప్పు ముక్కలైపోదూ? ఇదీ అంతే."

అంతే, జగన్నాథరావు పడిపోయాడు. జీడిపప్పు లెక్కన చెబితే ఆయన దేన్నైనా నమ్మేస్తాడు.

కమల పెళ్ళికి ముందే టెక్కలిలో డ్రైవింగు నేర్చుకుంది కాబట్టి స్టీరింగు ఆమెది, తోపుడు ఆయనది. మొదట్లో కొబ్బరికాయల రాశి దాకా తోస్తే చాలనేది. తర్వాత కల్వర్టు దాకా అంది. మాఘం వచ్చేసరికి హోటలు మలుపు వస్తేగానీ ఇంజను వేడెక్కనంటోంది.

"ఏటే, రోజురోజుకీ దూరమైపోతంది?" అని రొప్పుతూ అడిగేవాడు.

"సలి ముదిరింది కదండీ," అనేది కమల, కిలోమీటర్ల మీటరు చూసుకుంటూ.

ఓ రోజు కొబ్బరి దింపులకెళ్తున్న పైడిరాజు చూసి సైకిలు ఆపాడు. "అయ్యో బాబూ, తప్పుకోండి, నేను తోత్తాను."

"వద్దు పైడిరాజూ," అని కమల లోపల్నుంచి గబుక్కున అంది. "సేతులు మారితే ఇంజను అదురుతాది. బాబుగారి సెయ్యి దానికి అలవాటైపోనాది."

జగన్నాథరావుకి అది విని కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మలుపులో కమల గేరు వేసి వదిలితే బండి గుర్రుమని లేచేది. ఆయన చెమట తుడుచుకుని, దర్జాగా ఎక్కి, హోటలు ముందు దిగేవాడు. ఆయన టీ తాగినంతసేపూ కమల బానెట్ ఎత్తి వేడి చూసుకునేది. తిరుగు ప్రయాణంలో కీ తిప్పగానే ఒక్క పెట్టున స్టార్టయ్యేది.

మూడు నెలలు గడిచాయి. పలాస వెళ్ళారు. కొత్త రిపోర్టు డాక్టరు చేతిలో ఉన్నంతసేపూ జగన్నాథరావు కళ్ళు సూదుల ట్రే మీదే ఉన్నాయి.

"నూట ఇరవై," అంది శ్రావణి. "సూదులక్కర్లేదు. బాగా నడుస్తున్నారన్నమాట."

"నడకా? ఒక్క అడుగు కూడా నేదు తల్లీ. నాకు కారుంది."

డాక్టరు కమల వైపు చూసింది. కమల ఫ్యాను వైపు చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక జగన్నాథరావు వీధరుగు మీద కాళ్ళు చాపుకున్నాడు. కమల కాసేపు కారు దగ్గర తచ్చాడి వచ్చింది.

"నడక, నడక అని నా పేనం తీసీసినారు. ఏటైంది సివరికి? అంతా ఆ మెంతుల డబ్బా మహిమే," అన్నాడాయన.

"అవునండి. ఆ డబ్బాయే మిమ్మల్ని కాపాడినాది," అంది కమల.

"ఎండలొచ్చీసినాయి కదా, రేపట్నుంచి తొయ్యక్కర్నేదేమో?"

"పైకి ఎండేనండి. ఇంజను లోపల సలి మీకేటి తెలుత్తాది?"

నిజమే కాబోలనుకున్నాడు. కమల వంటింట్లోకి వెళ్ళి, డబ్బా దించి, కొంగు ముడి విప్పింది.

కారు స్టార్టరు ఫ్యూజు తీసి మెంతుల్లో దాచింది.