మేస్త్రీ మళ్ళీ వచ్చాడు

“పారేసెయ్యమ్మాయ్. ఈ పరీక్ష కిట్టు చెడిపోయింది,” అన్నాడు పెద్దాయన, పలకని వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

ఆ ల్యాబ్‌కి అధిపతిని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన చేతిలోని పలక అరచేయంత ప్లాస్టిక్ ముక్క. దాని నిండా బుల్లిబుల్లి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తంలోంచి తీసిన బొట్టు. క్యాన్సర్ రోగుల గుంటలు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గుంటలు మంచినీళ్లలా తేటగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. వాటిలో నాలుగోది మాత్రం పసుపు కలిపినట్టు వెలిగిపోతోంది.

“కిట్టు చెడితే అన్నీ చెడాలి కద సార్! ఒక్క గుంటే ఎందుకు చెడుతుంది?” అంది ఆ పరీక్ష చేసిన శాస్త్రవేత్త.

“నీ చెయ్యి వణికిందేమో.”

“నా చెయ్యా?”

పెద్దాయన నాలిక్కరుచుకున్నాడు. ఆ చేతిని అనుమానించే ధైర్యం ఆ భవనంలో ఎవరికీ లేదు.

ఆమె ఏళ్లతరబడి ఒకే ఒక్క ప్రోటీన్ వెంట పడింది. దానికి పెట్టుకున్న ముద్దుపేరు మేస్త్రీ. ఎవరు దొరికినా వాడి కథ చెప్పకుండా వదలదు. మన ఒళ్లు మొదటిసారి కట్టేటప్పుడు ఈ మేస్త్రీ రాత్రీపగలూ పనిచేస్తాడట. మనం పుట్టగానే తాపీ కడుక్కుని వెళ్లిపోతాడు, మళ్ళీ కనబడడు. క్యాన్సర్ ఉందే, అది మాయమాటలు చెప్పి వాణ్ణి వెనక్కి రప్పించుకుని దొంగకట్టడం కట్టించుకుంటుంది. అంచేత రక్తంలో మేస్త్రీ కనబడితే లోపల దొంగ ఉన్నట్టే. మేస్త్రీ చేతులు కట్టేసే మందు దొరికితే దొంగ ఆట కట్టినట్టే. ఆమె తయారుచేసిన మందు ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. మనుషులకి ఇచ్చి చూడొచ్చో లేదో తేల్చడానికి సోమవారం నిపుణులు వస్తున్నారు.

“ఈ నాలుగో మనిషి నిక్షేపంలా ఉన్నాడనుకో,” అన్నాడు పెద్దాయన, “ఒళ్లు బాగున్నవాళ్లలోనూ మేస్త్రీ తిరుగుతున్నాడనేగా అర్థం? అప్పుడు మన మందు దొంగనీ దొరనీ కలిపి బాదుతుంది. నిపుణులు టీ కూడా తాగకుండా లేచిపోతారు. ఇంతకీ ఎవరా నాలుగో మనిషి?”

ఆ ల్యాబ్‌లో ఓ ఆనవాయితీ ఉంది. కొత్త కిట్టు వచ్చినప్పుడల్లా ‘మంచి రక్తం’ కోసం బయటికి వెళ్లరు. పనిచేసేవాళ్లే తలా కాస్త ఇస్తారు. పేర్లుండవు, నంబర్లే. ఎవరి నంబరు వాళ్లకే తెలుసు.

ఆమె కొత్త పలక తీసింది. ఇంకోసారి చేసి చూస్తానంది. చేసింది. ఈసారి ఇంకా చిక్కటి పసుపు.

పెద్దాయన మొహం వేలాడేశాడు. “అయితే మన పరీక్షే తప్పు. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు.”

ఔనని ఊరుకుంటే సరిపోయేది. పరీక్ష తప్పయితే తను బతికిపోతుంది. ఒప్పయితే మేస్త్రీ కథ బతుకుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈమధ్య అన్నం సయించకపోవడం, మెట్లెక్కితే ఆయాసం రావడం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఆమెకి భయం పట్టుకుంది. చిత్రమేమిటంటే, నోట్లోంచి మాత్రం గర్వమే బయటికొచ్చింది.

“పరీక్ష తప్పు కాదు సార్. నాలుగు నేనే.”

పెద్దాయన పలకని బల్లమీద పెట్టేశాడు.

“మేస్త్రీ ఊరికే రాడమ్మా,” అన్నాడు. “ఎక్కడో కడుతున్నాడు. ఎక్కడన్నది చూడాలి. ఇవాళే చూడాలి.”

ఫోన్ చెయ్యగానే ఆమె భర్త స్కానింగ్ గది దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, జేబులో స్క్రూడ్రైవర్‌తో సహా. ఆయన రేడియోలు బాగుచేస్తాడు. కొత్తకాపురంలో పిల్లలకని వదిలిపెట్టిన గది, ఆ ఆశకి ఎప్పుడో దణ్ణం పెట్టేశాక, పాత రేడియోలతో కిక్కిరిసిపోయింది.

“భయపడకోయ్,” అన్నాడు ఆమె చెయ్యి పట్టుకుని. “ఏ రిపేరైనా ముందుగా పట్టుకుంటే తేలిక. నా సర్వీసులో ఎన్ని చూడలేదూ!”

“నేనేమైనా రేడియోనా?”

“రేడియో అయితే కట్టేస్తే నోరు మూసుకునేది.”

ఆమెకి నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. ఆయనే తన చేతిరుమాలుతో తుడిచాడు. దానికి కాస్త గ్రీజు వాసన.

స్కానింగ్ చేసే డాక్టరు ఆమెకి చిన్ననాటి స్నేహితురాలు. మేస్త్రీ కథ ఆవిడకి కంఠతా వచ్చు. జరిగిందంతా విని, ఆమెని పడుకోబెట్టి, చల్లటి జెల్ రాసింది.

“కాలేయం శుభ్రంగా ఉంది. కిడ్నీలు బంగారం,” అంటూ కిందికి జరుపుతూ వచ్చిన చెయ్యి ఓచోట ఆగిపోయింది. డాక్టరు తెరని తనవైపు తిప్పుకుని ముందుకి వంగింది.

“దొరికాడా?” అంది ఆమె, కళ్లు గట్టిగా మూసుకుని.

“దొరికాడు.”

“ఎంత కట్టాడు?”

“చాలానే కట్టాడు.”

భర్త వేళ్లు ఆమె వేళ్లని బిగించాయి. “చెప్పండి డాక్టరుగారూ. ఏదైనా సరే, ఇద్దరం వింటాం.”

“వినండి మరి,” అంటూ ఆవిడ ఏదో మీట తిప్పింది. గదంతా టకటకమని, ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఒకటే చప్పుడు.

రేడియోలు బాగుచేసేవాడి చెవి ఊరుకుంటుందా! ఆయన చెయ్యి అప్రయత్నంగా జేబులోని స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. “మీ స్పీకర్‌లో ఏదో వదులైనట్టుందండీ.”

స్నేహితురాలు పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“మెషీన్‌లో ఏ దోషమూ లేదన్నయ్యా. దీని పరీక్షలోనూ లేదు,” అంటూ తెరని వాళ్లిద్దరివైపూ తిప్పింది.

“అది మీ బిడ్డ గుండె.”